ముప్పై ఎనిమిది నిమిషాల ఎనిమిది సెకన్లు

మార్చి 2

పూజ్య శత్రువర్యులు సెకన్లమ్మ గారికి,

పళ్ల డాక్టరు, అనగా మన శ్రోతల సంఘం కార్యదర్శి, అనగా పదిహేడేళ్లుగా మీ చేత తిట్లు తింటున్న మనిషి చేసుకునే మనవి.

నా అక్టోబరు ఉత్తరానికి ఇంతవరకూ మీ జవాబు లేదు. అయిదు నెలలు నన్ను తిట్టకుండా ఉండటం మీకిదే మొదలు. మీ ‘మునిగిన మేడ’ ఆల్బమ్ మొదటి వైపు, పదకొండో నిమిషంలో వచ్చే డ్రమ్ము నలభై సెకన్లు ఎక్కువైందని నేనన్నాను. ఒక్క సెకను కూడా ఎక్కువ కాదని మీరన్నారు. ఏడు లెక్కలో వాయించే డ్రమ్ము ఎనిమిదో లెక్క కోసం వెతుక్కుంటున్నట్టు ఉండాలనీ, ఆ వెతుకులాటే ప్రోగ్రెసివ్ రాక్ అనీ మీ వాదన. దానికి నేను నాలుగు పేజీల ఖండన పంపాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. మీ విషయంలో పూర్తి అంగీకారమే అనుకుంటాను, సగం ఒప్పుకునే మనిషి కారు కదా మీరు.

ఇక ఓటు సంగతి. గడువు ఏప్రిల్ 30. చీటీలు అక్టోబరులోనే పంపాను. కవరు మీద సంఘం అచ్చు వేయించిన చీటీ తప్ప ఇంకే గుర్తూ ఉండకూడదు. ఎవరి కవరో నాకు కూడా తెలియకూడదు. వచ్చింది వచ్చినట్టు పెట్టెలో వేసి తాళం పెడతాను, లెక్కింపు రోజున అందరి ముందూ విప్పుతాను. మీరు ఎలాగూ ఏప్రిల్ 29నే పోస్టు చేస్తారు, నా ప్రాణం తీయడానికి. ఈసారి కాస్త ముందు పంపండి.

మా క్లినిక్‌లో నేను ఏటా ఓటు వేసే ఆల్బమ్ ‘సున్నా నుంచి సున్నాకి’ రోజూ రెండు వైపులా మోగుతూనే ఉంది. ఇంతవరకూ ఒక్క రోగీ ఆక్షేపించలేదు.

ఇట్లు,
మీ విధేయ శత్రువు,
పళ్ల డాక్టరు

తా.క. ఆక్షేపించడానికి వాళ్ల నోరు ఖాళీగా ఉండదనుకోండి.


మార్చి 9, సాయంత్రం 6-10

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి వదిలేస్తున్నాను.

మీరు సెకన్లమ్మ అని రాసిన ఆవిడ నా భార్య. డిసెంబరు 11న పోయింది. జవాబు రాకపోవడానికి కారణం అది. దాన్ని ఓటమిగా తీసుకోకండి. ఆమె ఓడిపోవడం నేను ఇంట్లో కూడా చూడలేదు.

పేరు మీ జాబితాలోంచి తీసేయగలరు.

నేను రైల్వే టైం టేబుల్ విభాగంలో ప్రూఫులు దిద్దుతాను. సంగీతం తెలియదు. ఆమెకి ఇలాంటి పేరొకటి ఉందని మీ ఉత్తరం చూశాకే తెలిసింది.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క. ఆమె బల్ల సొరుగులో మీ ఉత్తరాలు రెండు వందల పన్నెండు ఉన్నాయి. అంచుల్లో ఎర్ర సిరాతో ‘తప్పు’ అని రాసి ఉంది. లెక్కపెట్టాను. పేజీకి సగటున మూడు.


మార్చి 14

అయ్యా,

మీ ఉత్తరం విప్పేసరికి కుర్చీలో ఒక రోగి ఉన్నాడు. ఆయన నోరు తెరిచి పడుకున్నాడు, నేను నోరు తెరిచి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. చివరికి ఆయనే లేచి నాకు మంచినీళ్లు ఇచ్చాడు.

పదిహేడేళ్లలో మేం ఒక్కసారి కూడా ముఖాలు చూసుకోలేదు. అక్కాతమ్ముళ్లు కూడా అంత శ్రద్ధగా పోట్లాడుకోరు. ఓదార్పు మాటలు నాకు చేతకావు. నాకు వచ్చింది ఒక్కటే, ‘కొంచెం నొప్పి ఉంటుంది, ఇట్టే అయిపోతుంది’ అని. రోజుకి పాతిక సార్లు అంటాను. మీతో అనలేకపోతున్నాను.

ఆవిడ పేరు తీసేయమన్నారు. తీసేసే ముందు ఒక మాట చెప్పాలి.

మా సంఘంలో నూట ఆరుగురం. ప్రోగ్రెసివ్ రాక్, అంటే ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు నడిచే సంగీతం, తప్ప ఇంకోటి వినం. విన్నదాని గురించి ఉత్తరాల్లోనే కొట్టుకుంటాం. మా జాబితాలో నలభై ఆల్బమ్‌లు ఉన్నాయి. ఏటా ఒక్కొక్కరం ఒక్క ఆల్బమ్‌కి ఓటు వేస్తాం. ఒక్క ఓటు కూడా పడని ఆల్బమ్ జాబితాలోంచి పోతుంది. పోతే పోయినట్టే, మళ్లీ రాదు. దాని గురించి సంఘంలో ఎవరూ ఉత్తరం కూడా రాయకూడదు.

ఆ నలభైలో ఒకే ఒక్క ఓటు మీద బతుకుతున్నవి రెండు. ఒకటి నాది. రెండోది ‘మునిగిన మేడ’. దాని ఓటు ఆవిడదే.

పోయినవాళ్ల తరఫున ఓటు వేయడం కుదరదు. కానీ తొమ్మిదో నియమం ఒకటుంది. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆ ఆల్బమ్ మొత్తం ఒకే విడతలో కూర్చుని విని, విన్నది విన్నట్టు రాసి పంపితే సభ్యత్వం వాళ్లకి బదిలీ అవుతుంది. బాగుందో లేదో చెప్పనక్కర్లేదు. విన్నామని తెలిస్తే చాలు.

మీ ఇష్టం. బలవంతం లేదు.

ఇట్లు,
పళ్ల డాక్టరు

తా.క. సగటున మూడేనా? నేను అయిదు అనుకున్నాను. లోపల కొంత అభిమానం ఉండేదన్నమాట.


మార్చి 23, మధ్యాహ్నం 3-35

కార్యదర్శి గారికి,

విన్నాను. సభ్యత్వం బదిలీ చేయగలరు.

రికార్డులు వేసే సెట్టుని డిసెంబరు నుంచి ఎవరూ ముట్టుకోలేదు. రికార్డు దాని మీదే ఉంది. ఆమె నాకు ఒక్క బొత్తాం చూపించింది. అది నొక్కితే పళ్లెం తిరుగుతుంది, ముల్లు దానంతటదే వెళ్లి వాలుతుంది. అదే నొక్కాను. మిగతా మీటలు ఆమెవి. వాటి జోలికి పోలేదు.

మొదటి వైపు ముప్పై ఎనిమిది నిమిషాల ఎనిమిది సెకన్లు. మొదట ఇనప బకెట్లు ఒక్కొక్కటే నేల మాళిగలోకి దింపుతున్నట్టు మోత. తర్వాత ఓడ బయల్దేరే ముందు వేసే కూత లాంటిది, చాలాసేపు. తర్వాత పెద్దాయన పాడటం మొదలుపెడతాడు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. తొందరపడడు. మాట మాటకీ ఊపిరి తీసుకుంటాడు. భాష నాకు తెలియదు. ఆయన ఏదో పోగొట్టుకున్నాడని మాత్రం తెలుస్తుంది.

డ్రమ్ము ఇరవై రెండో నిమిషంలో వస్తుంది. ఒక మనిషి బీరువా మోసుకుని మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది. ప్రతి ఏడో మెట్టు దగ్గరా ఆగుతాడు. ఎక్కువైందని మీరన్నారు. నాకు అనిపించలేదు. బీరువా బరువు.

రెండో వైపు కూడా విన్నాను. పెద్దాయన అక్కడా ఉన్నాడు.

ఆగస్టులో ఆమె కుర్చీ దిగలేని స్థితి వచ్చింది. ఒకటే అడిగింది. ఆఫీసు నుంచి వచ్చాక ఒక వైపు పూర్తయ్యేదాకా పక్కన కూర్చోమంది. డిసెంబరు 10 వరకూ కూర్చున్నాను. పూర్తవగానే లేచి ప్రూఫుల దగ్గరికి వెళ్లేవాణ్ని. మధ్యలో వాచీ చూసుకునేవాణ్ని. అందుకే ఎన్ని నిమిషాలో అప్పటినుంచే తెలుసు.

చూసుకోకుండా ఉండాల్సింది.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క. ఆమె కుర్చీ పక్కన నేను కూర్చునే ముక్కాలిపీట అలాగే ఉంది. ఒక కాలు పొట్టి. నాలుగు నెలలు కూర్చున్నా సరిచేయలేదు.


మార్చి 27

అయ్యా,

సభ్యత్వం బదిలీ చేశాను. మీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. బీరువా గురించి రాసింది మా నూట ఆరుగురిలో ఎవరూ పదిహేడేళ్లలో రాయలేకపోయిన మాట.

ఇక అసలు విషయం. ఏ పెద్దాయన?

‘మునిగిన మేడ’లో పాడింది ఇరవై రెండేళ్ల అమ్మాయి. పిట్ట గొంతు. మొదట వచ్చేవి చిన్న వెండి గంటలు, తర్వాత వేణువు. బకెట్లూ లేవు, ఓడా లేదు. మొదటి వైపు పంతొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు. ఇది ఆవిడే లెక్కకట్టి మాకు చెప్పిన అంకె. అందుకే ఆవిడ సెకన్లమ్మ అయింది.

మా వాళ్లలో ఒక పాత పుకారు ఉంది. ఆ బృందంలో మొదట పాడింది ఒక పెద్దాయననీ, ఓడలో వంటవాడనీ, రికార్డింగు అయ్యాక ఏదో మాటా మాటా వచ్చి వెళ్లిపోయాడనీ, ఆ టేపులు తగలబెట్టి అమ్మాయి చేత మళ్లీ పాడించారనీ అంటారు. ఎవరూ వినలేదు. ఎవరూ చూడలేదు. నేను కూడా కట్టుకథే అనుకున్నాను.

ఓడ కూత అన్నారు మీరు. ఓడలో వంటవాడు. నేను మీకు చెప్పలేదు కదా?

ఇట్లు,
పళ్ల డాక్టరు

తా.క. రికార్డుని దయచేసి గుడ్డతో తుడవకండి. ఊపిరి కూడా కాస్త పక్కకి తిరిగి వదలండి.


ఏప్రిల్ 2, సాయంత్రం 6-25

కార్యదర్శి గారికి,

వంటవాడి గురించి నాకు తెలియదు. విన్నది విన్నట్టు రాయమన్నారు, రాశాను.

మీ అంకె పంతొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు. నా అంకె సరిగ్గా దానికి రెట్టింపు. ముప్పై ఒక్క ఏళ్లుగా రైళ్ల వేళలు దిద్దుతున్నాను. నా వాచీ తప్పదు. రైలు ఆలస్యంగా వస్తే ఆలస్యంగా వచ్చిందని రాస్తాం. గడియారం తిప్పం.

ఆమె అంకె కూడా తప్పు అయ్యుండదు. ఎక్కడో మీ వాళ్లు రాసుకోవడంలో పొరపాటు జరిగింది.

ఇట్లు,
సభ్యుడు

తా.క. మీరు చెప్పాక ఊపిరి పక్కకి వదలబోయాను. అటు పక్క ఆమె కుర్చీ. అందుకని ఎదురుగానే వదిలాను.


ఏప్రిల్ 7

అయ్యా,

సంఘం మూడు ముక్కలైంది.

మీ ఉత్తరం నకలు అందరికీ పంపడం నా తప్పే. నూట ఆరుగురిలో అరవై మంది వంటవాడు దొరికాడని సంబరపడుతున్నారు. ఒకాయన ఆ వంటవాడి జీవిత చరిత్ర మొదలుపెట్టి, అప్పుడే చిన్నతనం పూర్తిచేశాడు. ముప్పై మంది మాత్రం ఒక రికార్డులో ఒక వైపు ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టాలంటే గీతలు వెంట్రుకలో సగం మందం ఉండాలనీ, అలా నొక్కే యంత్రం లోకంలో ఒక్కటే ఉండేదనీ, అది ఎక్కడుండేదో తమకి తెలుసనీ అంటున్నారు. తమలో తాము కొట్టుకుంటున్నారు కూడా.

మిగిలినవాళ్లకి నాయకుడు నోటరీ. ఆయన ‘గాజు గనులు’ తప్ప ఆల్బమ్ లేదనే మనిషి. రెండేళ్ల కిందట ‘గాజు గనులు’లో వేణువు శ్రుతి తప్పిందని మీ ఆవిడ రాస్తే ఆయన స్టాంపు కాగితం మీద జవాబిచ్చాడు. ఇప్పుడు ఆయన వాదన: ‘ఈ పెద్దమనిషి అసలు ఆల్బమ్ వినలేదు. విని ఉంటే ఆడగొంతుని మగగొంతు అనడు. వినకుండా రాసినవాడికి సభ్యత్వం చెల్లదు, ఓటు చెల్లదు.’

అర్థమైంది కదా. మీ ఓటు కొట్టేస్తే ‘మునిగిన మేడ’ ఈ ఏడాదితో సరి.

మీరు సంతకం పెట్టి ప్రమాణపత్రం ఇవ్వాలంటున్నాడు. లేదా ముగ్గురు సభ్యుల బృందం మీ ఇంటికి వచ్చి వినాలంటున్నాడు. వాళ్ల వెంట కొలబద్దలూ భూతద్దాలూ ఉంటాయి. నన్ను తిట్టండి, పడతాను. అలవాటు తప్పింది.

ఇట్లు,
పళ్ల డాక్టరు

తా.క. మీరు అబద్ధం ఆడారని నేను అనుకోవడం లేదు. అబద్ధమాడేవాడు బీరువాని తేలిగ్గా ఉంచేవాడు.


ఏప్రిల్ 12, ఉదయం 7-05

కార్యదర్శి గారికి,

ప్రమాణపత్రం ఇవ్వను. నేను విన్నానని రాశాను. దాని మీద ఇంకో కాగితం దేనికి?

ముగ్గురు రావడం కుదరదు. ఆ గది పది అడుగులు, ఎనిమిది అడుగులు. కిటికీ వైపు ఆమె కుర్చీ, దాని చేతికందే దూరంలో సెట్టు, పక్కన ముక్కాలిపీట. డిసెంబరులో ఆమె కప్పుకున్న శాలువా కుర్చీ మీదే ఉంది. మందుల పెట్టె కిటికీలో ఉంది. నేను ఏదీ కదపలేదు. ముగ్గురు వస్తే కదపక తప్పదు.

వద్దని రాద్దామనే కూర్చున్నాను. రాసి, చించేశాను. ఆ ఆల్బమ్ పేరు మీ నలభైలో లేకుండా పోతే, ఆమె మీకు రాసిన ఉత్తరాలన్నీ దేని గురించో ఎవరికీ తెలియకుండా పోతుంది. నాకు ఆమెతో అంత పొడుగు మాటలు లేవు. మీకు ఉన్నాయి.

మీరొక్కరూ రండి. ఏప్రిల్ 19, శనివారం. 17-40కి రండి. 18-30కి వెళ్లిపోండి. మొదటి వైపు మాత్రమే. ఆమె కుర్చీలో కూర్చోకండి. మీకు వంటింట్లోంచి ఒకటి తెస్తాను. బొత్తాం నేనే నొక్కుతాను.

కొలబద్ద వద్దు.

ఇట్లు,
సభ్యుడు

తా.క. మీకు టీ ఇవ్వగలను. పంచదార ఎక్కడుందో మార్చిలో కనిపెట్టాను.


ఏప్రిల్ 22

బావగారికి,

ఈ పిలుపుకి ముందు అనుమతి అడగాల్సింది. పదిహేడేళ్లు నన్ను అక్కలా తిట్టిన మనిషి భర్తని ఇంకేమని పిలవాలో తోచలేదు.

17-40కి వచ్చాను. మీరు గుమ్మంలో వాచీ చూసుకుని తల ఊపారు. మా నాన్న కూడా నన్ను ఎప్పుడూ అంత మెచ్చుకోలేదు.

ఆ గది గురించి నేనేమీ రాయను. మీరు బొత్తాం నొక్కి ముక్కాలిపీట మీద కూర్చున్నారు. అది మీ బరువుకి ఎడమవైపు ఒరిగింది. మీరూ దాంతోపాటు ఒరిగారు, కుర్చీ వైపు. అలాగే ఉండిపోయారు. కళ్లు మూసుకున్నారు. వాచీ చూడలేదు. నేను చూశాను. ముప్పై ఎనిమిది నిమిషాల ఎనిమిది సెకన్లు.

నేను బయటికొచ్చి మీ వీధి చివర బస్సుల షెడ్డు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మూడు బస్సులు వదిలేశాను.

మర్నాడు సంఘం సమావేశంలో నోటరీ నన్ను అందరి ముందూ నిలబెట్టి ప్రమాణం చేయించాడు. ‘ఆ ఇంట్లో ఆ రికార్డు మీద ఏం విన్నావో చెప్పు’ అన్నాడు. ‘మొదటి వైపు ముప్పై ఎనిమిది నిమిషాలు నడిచింది, పెద్దాయన గొంతు వినిపించింది, బకెట్లు వినిపించాయి, ఓడ వినిపించింది’ అన్నాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ‘ఎలా?’ అని అడగలేదు. ఆయన నోటరీ కదా, ఎదుటివాళ్లు చెప్పింది నిజమని ముద్ర వేయడం వరకే ఆయన పని.

మీ ఓటు చెల్లుతుంది. మీ పేరున కొత్త చీటీ ఇందులో పెట్టాను, పంపండి.

ఇట్లు,
పళ్ల డాక్టరు

తా.క. మధ్యలో నేను సెట్టు దగ్గర వంగింది కళ్లజోడు కింద పడితే తీసుకోవడానికి. మరేం లేదు.


ఏప్రిల్ 26, సాయంత్రం 6-00

డాక్టరు గారికి,

ఓటు పోస్టులో వేశాను. మీ చీటీ అంటించాను.

బావగారు అన్నారు. ఆక్షేపణ లేదు.

ఇట్లు,
సభ్యుడు

తా.క. మీ కళ్లజోడు ఆ సాయంత్రమంతా మీ ముక్కు మీదే ఉంది.


మే 6

బావగారికి,

మొన్న ఆదివారం లెక్కింపు జరిగింది. నెమ్మదిగా చెబుతాను, కూర్చుని చదవండి.

సభ్యులం నూట ఆరుగురం. పెట్టెలో కవర్లు నూట ఏడు. దొంగ ఓటు పడిందని నోటరీ లేచాడు. కూర్చోబెట్టి విప్పడం మొదలుపెట్టాం.

‘మునిగిన మేడ’కి యాభై ఎనిమిది ఓట్లు. మొదటి స్థానం. అంతా వంటవాడి మహిమ. ఆ దెబ్బకి పదకొండు ఆల్బమ్‌లు ఒక్క ఓటూ లేక జాబితాలోంచి రాలిపోయాయి. అందులో ‘గాజు గనులు’ కూడా ఉంది. నోటరీ నా ప్రమాణం విన్నాక మనసు మార్చుకుని వంటవాడికి ఓటు వేశాడట. తనలాంటి వాళ్లు ఇంకా ఉంటారనీ, తన ఆల్బమ్‌ని వాళ్లెవరో చూసుకుంటారనీ అనుకున్నాడట. అందరూ అలాగే అనుకున్నారు. గోడ వైపు తిరిగి ఏడ్చాడు పాపం.

నా ‘సున్నా నుంచి సున్నాకి’ కి రెండు ఓట్లు. పదిహేడేళ్లలో మొదటిసారి దానికి రెండో ఓటు పడింది. ఎవరా పుణ్యాత్ములని కవరు తిప్పి చూశాను. పోస్టు ముద్ర నవంబరు 14. లోపల కార్డు మీద ఎర్ర సిరా. సంతకం సెకన్లమ్మ.

ఎప్పుడూ ఏప్రిల్ 29న పంపే మనిషి నవంబరులో ఎందుకు పంపిందో మీకూ నాకూ తెలుసు.

చెల్లదని ఎవరో అన్నారు. నోటరీ కళ్లు తుడుచుకుని, ‘ఓటు వేసిన రోజున ఆవిడ బతికే ఉంది, చెల్లుతుంది’ అన్నాడు. ఆయన మీద ఇక నాకు కోపం లేదు.

కార్డుతోపాటు ఉత్తరం కూడా ఉంది. ఓటు ఎందుకో వివరిస్తూ రాసిన ఉత్తరం అందరి ముందూ చదవాలని నియమం. మూడు వాక్యాలు నాలో నేను చదువుకున్నాను. మడిచేశాను. చేతిరాత అర్థం కావడం లేదని చెప్పాను. ఆవిడ చేతిరాత అచ్చులా ఉంటుందని అందరికీ తెలుసు. అయినా నోటరీ తర్వాతి కవరు నా చేతికి అందించాడు.

దాన్ని ఇందులో పెట్టి పంపుతున్నాను. మిగతాది నేను చదవలేదు. అది మాకు రాసింది కాదు. పదిహేడేళ్ల తర్వాత నన్ను గెలిపించింది, ఎందుకో తెలియకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
పళ్ల డాక్టరు

తా.క. గెలిస్తే పండగలా ఉంటుందనుకున్నాను. సోమవారం అపాయింట్‌మెంట్లన్నీ రద్దు చేసి పాట పెట్టకుండా కూర్చున్నాను.


మే 15, సాయంత్రం 6-48

డాక్టరు గారికి,

ఆ కవరు నవంబరు 14న ఆఫీసుకి వెళ్తూ నేనే పోస్టులో వేశాను. ఏమిటని అడగలేదు.

ఆమె ఉత్తరం మీకు రాసిందే. కాబట్టి మీకు తెలియాలి. కావలసినంత ఎత్తి రాస్తున్నాను.

‘కార్యదర్శి గారూ, నలభై సెకన్ల కోసం మీతో పదిహేడేళ్లు పోట్లాడాను. ఇప్పుడు రోజూ పంతొమ్మిది నిమిషాలు దొంగతనం చేస్తున్నాను. ఒక వైపు అయ్యేదాకా పక్కన కూర్చోమని మావారిని అడిగాను. మొదటి రోజు ప్రూఫులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పంతొమ్మిది నిమిషాలకి లేచి వెళ్లిపోయారు. రెండో రోజు ఆయన రాకముందే వేగం మీట ముప్పై మూడు నుంచి సగానికి, పదహారుకి తిప్పాను. మీ కొత్త సెట్లలో ఆ అంకె ఉండదు, మా పాతదానికి ఉంది. పిట్టలాంటి పిల్ల ముసలి ఎద్దు అయింది. మావారు తలెత్తలేదు.’

‘అడిగితే ఇంకా కూర్చుంటారు. కానీ అడిగి కూర్చోబెట్టుకుంటే మర్యాదకి కూర్చున్నట్టు ఉంటుంది. వాచీ చూసుకుంటారు. చూసుకుని మళ్లీ కూర్చుంటారు. రావలసిన బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం వదలని మనిషి. నాకు అదే బాగుంటుంది.’

‘వెండి గంటలు బకెట్లయ్యాయి. మొదటి వారం పళ్లు బిగబట్టి విన్నాను. మీకు పని తగిలేది. ఇప్పుడు అలవాటైంది. నిజం చెప్పాలంటే ఇప్పుడు నాకు ఎద్దు పాడితేనే బాగుంటోంది. ఇక ఈ ఆల్బమ్ గురించి న్యాయంగా మాట్లాడే అర్హత నాకు లేదు. అందుకని ఈసారి ఓటు మీదానికి. గెలిచానని ఎగరకండి. నేను పోటీలోంచి తప్పుకున్నాను, అంతే.’

ఇక్కడితో ఆపుతున్నాను. చివర్లో ముక్కాలిపీట కాలు గురించి ఉంది. అది నాకు.

మీరు ఆ రోజు మీట చూశారు. చూసి ఊరుకున్నారు. అందుకు కృతజ్ఞుణ్ని.

మీ ఉత్తరం అందిన రోజు మీట ముప్పై మూడుకి తిప్పాను. అమ్మాయి పాడింది. గంటలున్నాయి, వేణువు ఉంది. పంతొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు. బాగుంది. అయిపోయింది. ప్రూఫులేమీ లేవు. అయినా లేవాల్సి వచ్చింది.

మీట మళ్లీ పదహారుకి తిప్పాను.

టైం టేబుల్‌లో తప్పు వేళ అచ్చయితే మేం సవరణ పత్రం వేస్తాం. మీరూ వేయాలి. వంటవాడు లేడు. అతన్ని నమ్మి వేసిన ఓట్లు రద్దు చేయండి. మళ్లీ వేయించండి. రాలిపోయిన పదకొండూ తిరిగి వస్తాయి. నోటరీ గారిని గోడ వైపు నుంచి ఇటు తిరగమనండి. జీవిత చరిత్ర రాస్తున్నాయనకి ఎలా చెప్పాలో నాకు తెలియదు. చిన్నతనంతో ఆపమనండి.

నా ఓటు మాత్రం రద్దు చేయకండి. విన్నది విన్నట్టే రాశాను. అది ఒక్కటీ చాలు ఆల్బమ్ నిలబడటానికి.

ఆమె ఓటు వేసింది కాబట్టి మీ ‘సున్నా నుంచి సున్నాకి’ కూడా వింటాను. పంపండి. ఎన్ని నిమిషాలో రాయకండి.

ఇట్లు,
మీ బావగారు

తా.క. మీ కిందటి ఉత్తరం రెండో పేజీలో ‘నన్ను గెలిపించింది’ అన్నచోట అంచున ‘తప్పు’ అని రాసి సొరుగులో పెట్టాను. ఎర్ర సిరా ఇంకా సగం సీసా ఉంది. డ్రమ్ము మీద మీ నాలుగు పేజీల ఖండన ఇప్పుడే తీశాను.